‘వచ్చే వారం చెప్తాం’ అన్నాక ఐదు వారాలు: ఒక ఫాలోఅప్ కేస్ స్టడీ

2025 సెప్టెంబర్‌లో నా దగ్గరికి వచ్చిన ఒక కేసును, ఆ అబ్బాయి అనుమతితో ఇక్కడ మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. అతని పేరు, కంపెనీల పేర్లు చెప్పను. వయసు 27, సొంతూరు సూర్యాపేట దగ్గర, చదువు బీకాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సీఏ గారి ఆఫీసులో మూడేళ్లు చేసి, తర్వాత ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తున్నాడు. సెప్టెంబర్ 4, గురువారం నాడు జీడిమెట్ల వైపు మందులు తయారుచేసే ఒక కంపెనీలో అకౌంట్స్ పేయబుల్ (సరుకు ఇచ్చినవాళ్లకు కంపెనీ కట్టాల్సిన బిల్లులు చూసే పని) ఎగ్జిక్యూటివ్ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లాడు. అకౌంట్స్ మేనేజర్ ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత హెచ్‌ఆర్ మేడమ్ జీతం, నోటీస్ పీరియడ్ గురించి అడిగి, "వచ్చే వారం చెప్తాం" అని పంపించారు.

నేను చాలాకాలం రిక్రూట్‌మెంట్‌లో పనిచేశాను. ఇప్పుడు ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు సలహాలు ఇస్తుంటాను. ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అది అయిపోయి బయటికొచ్చాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. కుర్రవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది ఆ రోజుల్లోనే కాబట్టి ఈ కేసును వివరంగా రాయాలనిపించింది.

అతను నన్ను కలిసింది 10వ తేదీ బుధవారం సాయంత్రం. అప్పటికే హెచ్‌ఆర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి ఎత్తి "మీటింగ్‌లో ఉన్నాను" అన్నారు, మిగతా మూడుసార్లు ఎత్తలేదు. వాట్సాప్‌లో "హాయ్ మేడమ్, ఎనీ అప్‌డేట్?" అని పెట్టాడు. నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు రాలేదు. రోజూ రాత్రి ఇంటినుంచి నాన్నగారు ఫోన్ చేసి "ఏమన్నార్రా?" అని అడుగుతున్నారు. మేనమామ అయితే, "ఆ కంపెనీ ప్రొడక్షన్‌లో మనవాడొకడున్నాడు, ఒక మాట చెప్పిస్తాలే" అంటున్నాడట.

"సర్, నన్ను పక్కన పెట్టేసినట్టేనా?" అన్నది అతని మొదటి ప్రశ్న.

జవాబు చెప్పేముందు క్యాలెండర్ తీసి ముందు పెట్టాను. ఇంటర్వ్యూకి ముందురోజు, అంటే సెప్టెంబర్ 3న, జీఎస్‌టీ కౌన్సిల్ రేట్ల మార్పు ప్రకటించింది. చాలా మందుల మీద 12 శాతం ఉన్న పన్ను 5 శాతానికి తగ్గింది, 33 ప్రాణరక్షక మందుల మీద పూర్తిగా ఎత్తేశారు. ఇవన్నీ సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి రావాలి. మందుల కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆ మూడు వారాలు ఎలా ఉంటాయో బయటివాళ్లకు ఊహకి కూడా అందదు. ధరల జాబితాలు మార్చాలి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేట్లు సరిచేయాలి, డిస్ట్రిబ్యూటర్లు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఇది చాలదన్నట్టు ప్రతి నెలా ఉండే పనులు ఉండనే ఉన్నాయి. 7కి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి మినహాయించిన ఆదాయపు పన్ను) కట్టాలి, 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాలి, 20కి జీఎస్‌టీఆర్-3బీ (నెల పన్ను లెక్క చూపే రిటర్ను) వేయాలి. సెప్టెంబర్ కాబట్టి 15న అడ్వాన్స్ టాక్స్ రెండో వాయిదా కూడా పడుతుంది.

"నువ్వూ అకౌంట్స్ మనిషివే కదా. ఇప్పుడు ఆ మేనేజర్ కుర్చీలో నువ్వుంటే, నాలుగో తేదీన వచ్చి వెళ్లిన అభ్యర్థి ఫీడ్‌బ్యాక్ ఫారం ఎప్పుడు నింపుతావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇరవై దాటాకే సర్" అన్నాడు. అతని భుజాలు కొంచెం కిందికి దిగింది అప్పుడే.

అవతలివైపు ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కోపమంతా హెచ్‌ఆర్ మీదే చూపిస్తారు. ఎవరిని తీసుకోవాలో తేల్చేది పోస్టు ఉన్న విభాగం మేనేజర్. ఆయన ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి, జీతం ఎంత ఇవ్వొచ్చో ఫైనాన్స్ ఒప్పుకోవాలి, పైవాళ్ల ఆమోదం రావాలి. ఈ ముగ్గురి మధ్యా కాగితం తిప్పేది హెచ్‌ఆర్. ఆవిడ చేతిలో ఒకేసారి బోలెడు పోస్టులుంటాయి. పైనుంచి ఏదీ తేలనప్పుడు అభ్యర్థికి చెప్పడానికి ఆవిడ దగ్గర మాటే ఉండదు, అందుకే ఫోన్ ఎత్తరు. ఇంకో సంగతి కూడా ఉంది. మొదట ఎంచుకున్న మనిషికి ఆఫర్ ఇచ్చాక కూడా, అతను నిజంగా చేరేదాకా రెండో మనిషికి "నువ్వు కాదు" అని చెప్పడానికి కంపెనీలు వెనకాడతాయి. ఆఫర్ తీసుకుని చేరకుండా ఉండిపోవడం హైదరాబాద్‌లో రోజూ చూసేదే. కాబట్టి ఈ మౌనానికి తిరస్కారం ఒక్కటే అర్థం కాదు, రెండో స్థానంలో ఉంచారనీ కావచ్చు, ఇంకా ఏమీ తేలలేదనీ కావచ్చు. అభ్యర్థిని ఏళ్ల తరబడి కాకపోయినా వారాల తరబడి ఇలా గాల్లో ఉంచడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క వాక్యం మెయిల్ పెట్టడానికి ఎవరికీ అంత పని ఉండదు. కానీ ఆ అలవాటు మారేదాకా మన వైపునుంచి చేయగలిగింది చేసుకోవాలి.

ఫోన్లు ఆపమన్నాను. మెయిల్ రాద్దామన్నాను. మామూలుగా ధన్యవాదాల మెయిల్ ఇంటర్వ్యూ మర్నాటికల్లా వెళ్లాలి. ఇక్కడ ఆరో రోజయింది, అయినా పర్వాలేదు. ఆలస్యమైందని క్షమాపణలు చెప్పే పని కూడా లేదు.

అప్పటికే అతను ఒక మెయిల్ రాసుకొచ్చాడు, ఇంగ్లీషులో. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని మొదలై, నాన్నగారి మోకాలి ఆపరేషన్, చెల్లెలి ఫీజు, ఇప్పటి ఓనర్ సమయానికి జీతం ఇవ్వకపోవడం, ఈ ఉద్యోగం తనకెంత అవసరమో అన్నీ ఉన్నాయి. చివర్లో "హంబుల్ రిక్వెస్ట్" రెండుసార్లు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చదువుతుంటే నాకే గుండె బరువెక్కింది. కానీ ఆ మెయిల్ చేరేది, ఆ కష్టాల గురించి ఏమీ చేయలేని మనిషికి. ఆవిడ ఆ మెయిల్‌ని మేనేజర్‌కి పంపలేరు, ఫైల్‌లో పెట్టలేరు, జవాబివ్వడానికీ ఇబ్బంది పడతారు. అదే అతనికి చెప్పాను. "నీ కష్టం చిన్నదని కాదురా, దీన్ని చదివి ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. మేనేజర్‌కి ఫార్వర్డ్ చేయగలిగేది ఏదైనా రాయి."

ఏం రాయాలో ఇంటర్వ్యూలోనే దొరికింది. మేనేజర్ అడిగిన ప్రశ్నల్లో ఒకటి: "పర్చేజ్ రిజిస్టర్‌లో ఉన్న ఇన్‌వాయిస్ జీఎస్‌టీఆర్-2బీలో కనిపించకపోతే ఏం చేస్తారు?" 2బీ అంటే సప్లయర్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే జాబితా. అకౌంట్స్ పేయబుల్ పనికి ఇది ఆయువుపట్టు లాంటి ప్రశ్న. 2022 జనవరి నుంచి, సప్లయర్ తన రిటర్నులో చూపించి అది మన 2బీలోకి వస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవాలి. ఇతను కంగారులో "సప్లయర్‌కి ఫోన్ చేస్తాం సర్" అని ఊరుకున్నాడు. "మరి నిజంగా నువ్వు ఆఫీసులో ఏం చేస్తావ్?" అని అడిగితే పది నిమిషాలు తడుముకోకుండా చెప్పాడు. అదే మెయిల్ అయింది. వెళ్లింది ఇంగ్లీషులోనే, దాని తెలుగు ఇది:

"నమస్కారం మేడమ్. 4వ తేదీన అకౌంట్స్ పేయబుల్ పోస్టుకు ఇంటర్వ్యూకి వచ్చాను. మీరూ, మేనేజర్ గారూ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఇన్‌వాయిస్ 2బీలో కనిపించకపోతే ఏం చేస్తారని సర్ అడిగినప్పుడు నేను సగమే చెప్పాను. ప్రతి నెలా 14 దాటాక 2బీ డౌన్‌లోడ్ చేసి పర్చేజ్ రిజిస్టర్‌తో సరిచూస్తాను. సప్లయర్ ఫైల్ చేయనివి ఒకవైపు, ఇన్‌వాయిస్ నంబరో జీఎస్‌టీ నంబరో తప్పు పడినవి ఇంకోవైపు విడదీస్తాను. ఫైల్ చేయనివాటికి ఆ నెల క్రెడిట్ తీసుకోకుండా, సప్లయర్‌కి జాబితా పంపి, 2బీలోకి వచ్చిన నెలలో తీసుకుంటాను. 180 రోజులు దగ్గరపడుతున్న పేమెంట్లకు వేరే షీట్ ఉంచుతాను. నా నోటీస్ పీరియడ్ 30 రోజులు. ఇంకేమైనా వివరాలు కావాలంటే పంపిస్తాను."

అంతే. ఇందులో ప్రశ్న లేదు, "ఎప్పుడు చెప్తారు" అన్న మాట లేదు. జవాబు ఇవ్వాల్సిన అవసరం లేని మెయిల్‌ని పని ఒత్తిడిలో ఉన్నవాళ్లు కూడా విసుక్కోకుండా చదువుతారు. 180 రోజుల వాక్యం ఎందుకు ఉంచామంటే, సప్లయర్‌కి ఆ గడువులోపు డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ని వడ్డీతో వెనక్కి కట్టాల్సి వస్తుంది. ఈ షీట్ పెట్టేవాడు పనిలో చేయి తిరిగినవాడని ఏ అకౌంట్స్ మేనేజర్‌కైనా ఇట్టే తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నెట్‌లో వెతికి పట్టుకున్న జవాబును ఇలా రాస్తే తర్వాతి రౌండ్‌లో దొరికిపోతారు. నిజంగా చేసిన పనే రాయాలి.

ఎక్కడికి పంపాలన్నది ఇంకో చిక్కు. మేనేజర్ మెయిల్ అడ్రస్ అతని దగ్గర లేదు. ఇంటర్వ్యూకి పిలుస్తూ హెచ్‌ఆర్ పంపిన మెయిల్ ఉంది కదా, దానికే రిప్లై ఇవ్వమన్నాను. అలా ఇస్తే పోస్టు పేరు, రెజ్యూమె, ఇంటర్వ్యూ తేదీ అన్నీ ఒకే మెయిల్ దారంలో (థ్రెడ్‌లో) ఉంటాయి, ఆవిడ ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు. పైగా ఆ మెయిల్‌కి మేనేజర్ కాపీలో ఉన్నారు. ఇతను అది చూసుకోనేలేదు. రాత్రి తొమ్మిదికి రాసిన మెయిల్‌ని జీమెయిల్‌లో షెడ్యూల్ చేసి, మర్నాడు ఉదయం పదిన్నరకి వెళ్లేలా పెట్టాం.

ఇక మేనమామ సంగతి. తెలిసినవాళ్ల ద్వారా రెఫరల్ వేయించుకోవడం తప్పేమీ కాదు. కంపెనీలే తమ ఉద్యోగులను అడిగి మరీ రెఫరల్స్ తీసుకుంటాయి. కానీ దానికి సమయం ఇంటర్వ్యూకి ముందు. అయిపోయాక వేరే విభాగం మనిషి వచ్చి "మా వాడిని చూడండి" అంటే, మేనేజర్‌కి తన నిర్ణయంలో ఎవరో వేలు పెట్టినట్టు ఉంటుంది. మామయ్యకి ఏం చెప్పాలో కూడా మాట్లాడుకున్నాం: "మామయ్యా, మెయిల్ పెట్టాను, ఇప్పుడు ఎవరైనా అడిగితే వాళ్లకి ఇబ్బందవుతుంది. కావాల్సి వస్తే నేనే నిన్ను అడుగుతా." మేనమామ నొచ్చుకోలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఎవరో ఫోన్ చేసి, "మీ ప్రొఫైల్ సెలెక్ట్ అయింది, ల్యాప్‌టాప్ డిపాజిట్ కింద 8,500 కట్టండి, మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తాం" అన్నారట. కంపెనీ పేరు ఏదో గొణిగారట. ఫలితం కోసం ఎదురుచూసే మనిషి చెవులు దానికోసమే తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఒక్క క్షణం నమ్మేశాడు పాపం. అదృష్టం బాగుండి డబ్బు కట్టకముందే నాకు ఫోన్ చేశాడు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే మోసగాళ్లే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ.

మొదటి మెయిల్‌కి జవాబు రాలేదు. వస్తుందని మేం అనుకోనూలేదు. ఈలోగా చర్లపల్లిలో ఒక ప్యాకేజింగ్ కంపెనీకి, ఇంకో రెండు చోట్లకి అప్లై చేయించాను. ఇది అతనికి మొదట నచ్చలేదు. "అక్కడ వచ్చేలా ఉంది కదా సర్" అన్నాడు. వచ్చేదాకా వెతకడం ఆపకూడదని పట్టుబట్టాను. మనసంతా ఒక్క ఉద్యోగం మీదే పెట్టుకున్నవాడు రాసే మెయిల్‌లో ఆత్రం ఎంత దాచినా దాగదు. చేతిలో ఇంకో రెండు అవకాశాలున్నవాడి భాష దానంతటదే నెమ్మదిస్తుంది.

రెండో మెయిల్ సెప్టెంబర్ 24న వెళ్లింది. 3బీ గడువు దాటింది, 22న కొత్త రేట్లు వచ్చేశాయి, మర్నాటికల్లా హడావుడి కాస్త తగ్గుతుందన్నది మా లెక్క. నాలుగే వాక్యాలు. రేట్ల మార్పు వల్ల ఈ నెల అందరికీ తీరిక లేకుండా ఉండి ఉంటుందని ఒకటి, ఈ పోస్టు మీద ఆసక్తి అలాగే ఉందని ఒకటి, ఎంపిక ఏ దశలో ఉందో వీలైనప్పుడు తెలియజేయగలరా అని ఒకటి, ధన్యవాదాలు. "ఇంతవరకు మీనుంచి ఏ సమాచారమూ లేదు" అన్న వాక్యం ముందు ఉండేది, తీసేయించాను. నిజమే అయినా అది నిష్ఠూరంలా వినిపిస్తుంది.

26న జవాబొచ్చింది. ఇంకా ఒకరిద్దరిని చూడాల్సి ఉందనీ, దసరా తర్వాత తెలుస్తుందనీ రాశారు. ఇతను వెంటనే "అయితే నేను రిజెక్ట్ కాలేదా మేడమ్?" అని రాయబోయాడు. దానికి బదులు ఇలా రాయించాను: "తెలియజేసినందుకు ధన్యవాదాలు మేడమ్. పండగయ్యాక అక్టోబర్ 8 ప్రాంతంలో ఒకసారి కనుక్కుంటాను. దసరా శుభాకాంక్షలు." మళ్లీ ఎప్పుడు పలకరిస్తామో మనమే ముందుగా చెప్తే, ఆ రోజు రాసే మెయిల్ వెంటపడినట్టు ఉండదు. ఇతనికీ ఒక తేదీ దొరికింది కాబట్టి బతుకమ్మకి ఊరెళ్లి నాలుగు రోజులు ప్రశాంతంగా ఉన్నాడు. నాన్నగారికి కూడా "8 దాటాక అడుగు నాన్నా" అని చెప్పేశాడు.

అక్టోబర్ 7న చర్లపల్లి కంపెనీ ఆఫర్ ఇచ్చింది. 13లోగా జవాబు చెప్పమన్నారు. జీతం ఇప్పటికంటే బాగానే ఉంది, జీడిమెట్ల వాళ్లు అన్నదానికంటే కొంచెం తక్కువ. 8న మూడో మెయిల్ పంపాం:

"మేడమ్, నమస్కారం. నాకు వేరే కంపెనీనుంచి ఆఫర్ వచ్చింది. 13లోగా వాళ్లకి జవాబు చెప్పాలి. మీ దగ్గర పనిచేయాలన్న ఆసక్తి నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ముందు మీకు తెలియజేస్తున్నాను. 10వ తేదీలోగా మీ నిర్ణయం ఏ దశలో ఉందో చెప్పగలిగితే నాకు చాలా ఉపయోగంగా ఉంటుంది. ఇంకా సమయం పడుతుందన్నా అర్థం చేసుకుంటాను."

ఇలాంటి మెయిల్ ఆఫర్ నిజంగా చేతిలో ఉన్నప్పుడే రాయాలి. లేని ఆఫర్ ఉందని బెదిరిస్తే, "సరే, అక్కడ చేరిపోండి, ఆల్ ది బెస్ట్" అని వచ్చే జవాబుకి మన దగ్గర మాట ఉండదు. ఆఫర్ లెటర్ చూపించమని అడిగే కంపెనీలూ ఉన్నాయి.

9న, గురువారం మధ్యాహ్నం, హెచ్‌ఆర్ మేడమే ఫోన్ చేశారు. ఇంకొకరికి ఆఫర్ ఇచ్చామని, వాళ్లు ఒప్పుకున్నారని, 60 రోజుల నోటీస్ ఉందని ఉన్నదున్నట్టు చెప్పారు. "మీ గురించి సర్ మంచిగానే రాశారు, కానీ వాళ్లకి మందుల కంపెనీలో అనుభవం ఉంది" అన్నారు. ఇతను ధన్యవాదాలు చెప్పి, మళ్లీ ఖాళీ వస్తే గుర్తుంచుకోమని అడిగి పెట్టేశాడు. నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు పూడుకుపోయి ఉంది. కానీ 13కి నాలుగు రోజుల ముందే అతనికి సంగతి తెలిసింది. మేం ఈ మెయిళ్లన్నీ రాసింది దీనికోసమే. ఉద్యోగం ఇవ్వాలో వద్దో వాళ్ల చేతిలో ఉంది. స్పష్టమైన జవాబును, అది పనికొచ్చే సమయంలో రాబట్టుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంటుంది. అది తెలియక, రాని ఉద్యోగం కోసం వచ్చిన ఆఫర్‌ని వదులుకున్నవాళ్లను నేను చూశాను. అతను 10న చర్లపల్లి ఆఫర్‌కి ఒప్పుకుని, నవంబర్ రెండో వారంలో చేరాడు.

ఇదే పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. చిన్న సంస్థల్లో, పది పదిహేనుమంది ఉండే చోట, మెయిల్ ఎవరూ చూడరు. అక్కడ ఓనర్‌కే "మాట్లాడటానికి వీలుందా అండీ?" అని వాట్సాప్‌లో అడిగి ఒక్కసారి ఫోన్ చేస్తే సరిపోతుంది. టీజీపీఎస్‌సీ, ఏపీపీఎస్‌సీ లాంటి నియామకాలకైతే ఫాలోఅప్ అన్నదే లేదు. ఫలితాలు వెబ్‌సైట్‌లో పెడతారు, అవి చూసుకోవడమే.

డిసెంబర్ మొదటి వారంలో జీడిమెట్లనుంచి అతనికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఆఫర్ తీసుకున్న మనిషికి పాత కంపెనీ జీతం పెంచడంతో అక్కడే ఉండిపోయారట. "మీ మెయిల్ చూసే చేస్తున్నాను, ఇప్పుడు ఆసక్తి ఉందా?" అని అడిగారు. చేరి నెల కూడా కాలేదు, వదిలి వెళ్లడం పద్ధతి కాదని ఇతనే నిర్ణయించుకున్నాడు. నన్ను అడిగింది వద్దని ఎలా చెప్పాలన్నదే. గుర్తుపెట్టుకుని పిలిచినందుకు ధన్యవాదాలు, ఇప్పుడే వేరే చోట చేరాను, ఇప్పుడు మారలేను అని చెప్పమన్నాను. దానికి అతను సొంతంగా ఇంకొకటి జోడించాడు. సీఏ ఆఫీసులో తనకి పని నేర్పిన అక్క ఒకామె ఉద్యోగం వెతుకుతోందని గుర్తొచ్చి, ముందు ఆమెకి ఫోన్ చేసి, "అక్కా, నీ నంబర్ ఇవ్వొచ్చా?" అని అడిగి, అదే మెయిల్ దారంలో ఆమె రెజ్యూమె పంపాడు.

ఆమెకి 10వ తేదీన ఇంటర్వ్యూ జరిగింది. లేచి వచ్చేముందు "ఎప్పటిలోగా తెలుస్తుందండీ, ఎవరిని అడగాలి?" అని అక్కడే అడిగింది. 19లోగా చెప్తామన్నారు. 19 సాయంత్రం దాకా ఏమీ రాలేదు. శని, ఆదివారాలు వదిలేసి 22 సోమవారం మూడు వాక్యాల మెయిల్ పెట్టింది. సాయంత్రం ఫోన్ వచ్చింది. నోటీస్ పూర్తిచేసుకుని జనవరిలో చేరింది.